యాభై రెండు నిమిషాలు

వైశాలి
3 నవంబరు 2025, సోమవారం

ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళను మీరు లెక్కలోంచి తీసేశారు. వాళ్ళతోబాటు నన్నూ తీసేశారు.

బాగున్నారా అని అడగడం ఈ ఉత్తరంలో కుదరదు బాబాయ్. జరిగింది చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం మా ఏజెన్సీ సూపర్‌వైజర్ రఘునందన్ గారు నన్ను పిలిచి, అందరి ముందూ ఒక కాగితం చదివారు. మీ సంస్థ నుంచి వచ్చిన కాగితం. "పదిహేడో నంబరు తెచ్చిన ముప్పై ఒక్క ఫారాలు కల్పితం. మోడల్‌లోకి తీసుకోలేదు." కింద మీ సంతకం. సుధీంద్ర అని గుండ్రంగా.

పదిహేడో నంబరు నేనే.

"ఇంట్లో కూర్చుని నింపావా? చెప్పు, కొడతానా?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే ట్యాగు, ట్యాబ్లెట్ తీసేసుకున్నారు. అలా రాసిన పేరు మిగతా ఏజెన్సీలకు కూడా వెళ్తుందట. ఢిల్లీలో, నోయిడాలో, గాజియాబాద్‌లో ఇంక ఎవరూ నన్ను సర్వే పనికి పిలవరు. నాన్న పోయాక డిగ్రీ మధ్యలో ఆపేసిన నాకు వచ్చింది ఈ ఒక్క పనే. అది కూడా ఎవరూ నేర్పలేదు. మునిర్కా గదిలో మీరు చదువుకున్న రోజుల పుస్తకాలు ఒక అట్టపెట్టెలో మా మంచం కింద పడేసి వెళ్ళారు కదా, అవి చదివి నేర్చుకున్నాను. సగటు అంటే ఏమిటో, ఒకదాన్ని మార్చితే ఇంకొకటి ఎంత మారుతుందో కాగితం మీద వేసి చూసుకున్నాను. అర్థం కానివి నాలుగుసార్లు చదివాను.

జనం ఎందుకు నడుస్తారు, ఎందుకు నడవరు, పార్కుకు ఎవరు వెళ్తారు, జిమ్ముకు ఎవరు వెళ్తారు, జీతం పెరిగితే ఒళ్ళు కదలడం పెరుగుతుందా తగ్గుతుందా, ఇదీ మీ సర్వే. నాలుగు నెలలు గుమ్మాలు ఎక్కి దిగింది నేను. కుర్చీలో కూర్చుని కల్పితం అన్నది మీరు.

ఫోన్ చేస్తే "చూద్దాంలేమ్మా" అంటారు. ఆ మాటకు రుజువు ఉండదు. అందుకే కాగితం. ఏం చూసి కల్పితం అన్నారో మీరూ కాగితం మీదే రాయండి. పదో తారీఖు సోమవారానికి జవాబు నా చేతిలో ఉండాలి.

ప్రవల్లిక


ఆర్.కె. పురం
7 నవంబరు 2025

చిరంజీవి ప్రవల్లికకు బాబాయి రాసేది,

నువ్వు వదిలేసిన క్షేమసమాచారం నేను మొదలుపెడతాను. పొగ తప్ప మాకు ఏ లోటూ లేదు. కిటికీలు తెరవడానికి వీల్లేదని దీపు ఆర్డరు వేసింది. నీ ఉత్తరం చూసి, "పాపా, ఆజ్‌కల్ చిట్ఠీ కౌన్ లిఖ్తా హై?", ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తారు అని ఫోటో తీసుకుంది. మీ అక్క రాసిందన్నాను. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమి, "దీదీ గుస్సే మేఁ హై" అంది, అక్క కోపంగా ఉందని. తెలుగు ఒక్క అక్షరం రాని పిల్లకు అంతవరకూ అర్థమయింది, అంత నొక్కి రాశావు.

ముందు ఒక మాట నమ్ము. పదిహేడో నంబరు నువ్వని నాకు తెలియదు. మాకు పేర్లు రావు, అంకెలే వస్తాయి. ఎనిమిది వేల ఫారాలు. అన్నీ ఒకరు కూర్చుని చదివేవి కావు. ఒకే మనిషి తెచ్చిన ఫారాల్లో ఒకే జవాబు మరీ ఎక్కువసార్లు కనిపిస్తే కంప్యూటరే వాటిని పక్కన పెడుతుంది. పదిహేడో నంబరు తెచ్చినవాటిలో, "రోజూ ఒకవైపు ఎంతసేపు నడుస్తారు" అన్నచోట ముప్పై ఒక్కసారి యాభై రెండు నిమిషాలని ఉంది. యాభై కాదు, గంట కాదు. పంతొమ్మిదేళ్ళ పిల్లకూ యాభై రెండే, యాభై ఎనిమిదేళ్ళావిడకూ యాభై రెండే. ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకుని సంతకం పెట్టాను.

చూడమ్మా, చిన్నదానివి. జూన్ తర్వాత ఆ ఉక్కలో నాలుగు నెలలు తిరిగావు. ఒకరోజు ఓపిక లేక గదిలో కూర్చుని నింపి ఉంటావు. అదేమీ హత్యానేరం కాదు. రఘునందన్‌కు ఒక క్షమాపణ రాసి పడేయి. అశోకా రోడ్డు దగ్గర మా స్నేహితుడి ఆఫీసులో డేటా ఎంట్రీకి మనిషి కావాలట. కూర్చుని చేసే పని, తిరగక్కర్లేదు. పక్క వీధిలోనే మన తెలుగు భోజనం కూడా దొరుకుతుంది.

వదినకు మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? రోజూ కాస్త నడవమని చెప్పు.

కోపం తగ్గాక మళ్ళీ రాయి.
సుధీంద్ర బాబాయి


వైశాలి
11 నవంబరు 2025, మంగళవారం

ఇంట్లో కూర్చుని రాశానని రఘునందన్ గారు అన్నారు. మీరూ అన్నారు. ఆయన అరిచి అన్నారు, మీరు బుజ్జగించి అన్నారు. తేడా అంతే.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "మీ బాబాయి నన్ను నడవమన్నాడా? లిఫ్టు లేని మూడో అంతస్తుకు నీళ్ళ డబ్బా ఎవరు ఎక్కిస్తున్నారనుకున్నాడో!" అంది. అమ్మ ఫారం నింపితే, వ్యాయామం అన్నచోట "లేదు" అని పడుతుంది. అది మీకు కల్పితం కాదు.

యాభై రెండు ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను, వినండి. ఆ ముప్పై ఒక్కమందీ ఖోడాలో ఉంటారు. వైశాలిలో ఒకే పెద్ద సొసైటీలో ఇళ్ళపని చేస్తారు. రోజూ పొద్దున్నే కాలవ పక్క రోడ్డు మీదుగా గుంపుగా నడిచి వస్తారు. ఒక్కొక్క సందు దగ్గర ఇద్దరు ముగ్గురు కలుస్తారు. ఒంటరిగా ఆ దారిలో ఎవరూ నడవరు. అందరికీ ముందు నడిచేది ముర్షిదా దీదీ. మాల్దా నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. ఆమెను నేను మొదట అడిగాను, "కిత్నా టైమ్ లగ్తా హై దీదీ?" అని.

"జిత్నా రాస్తా హై, ఉత్నా."

దారి ఎంత ఉంటే అంతట. మీ ఫారంలో ఆ జవాబుకు చోటు లేదు. ఇంకో ఇద్దరిని అడిగితే "పతా నహీఁ", తెలియదు అన్నారు. అప్పుడు ముర్షిదా, "అచ్ఛా, పూఛ్‌నా ఛోడ్, సాథ్ చల్ కే దేఖ్ లే" అంది. అడగడం మాని మాతో నడిచి చూడు అని. నడిచాను. ఖోడా కల్వర్టు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను, సొసైటీ రెండో గేటు దగ్గర ఆపాను. యాభై రెండు నిమిషాలు. వయసు, పిల్లలు, చదువు, ఇంటి ఖర్చు, అవన్నీ ఒక్కొక్కరినీ విడిగా అడిగే రాశాను. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం అందరికీ నేను కొలిచింది రాశాను. ఒకే గుంపు, ఒకే దారి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి ఎలా రాస్తాను?

గదిలో కూర్చుని నింపేదాన్నయితే ఒకరికి ముప్పై, ఒకరికి నలభై ఐదు, ఒకరికి గంట వేసేదాన్ని. మా జట్టులో అందరూ తెచ్చే అంకెలు అవే. మీ కంప్యూటరుకు అవి ముద్దొచ్చాయి. గుండ్రంగా ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. మీ పుస్తకాల్లో ఈ సంగతి ఎక్కడా రాసిలేదు.

ఇంకొకటి. జులైలో అశోకా రోడ్డు దగ్గర మా ట్రైనింగ్‌కు వచ్చి మీరు అరగంట మాట్లాడారు. మూడో వరసలో నేనున్నాను. నన్ను చూసి కళ్ళు తిప్పుకున్నారు. భోజనాల దగ్గర నా పళ్ళెం పక్కనుంచే వెళ్ళిపోయారు. చదువు ఆపేసిన పిల్ల మీ అన్నగారి కూతురని చెప్పుకోవడానికి నామోషీ అయిందా? ఇప్పుడు కూర్చునే ఉద్యోగం ఇప్పిస్తానంటున్నారు. నాకు వద్దు. నా పేరు పక్కన ఆ మాట కొట్టేయండి. పద్దెనిమిదో తారీఖు లోపు.

ప్రవల్లిక


ఆర్.కె. పురం
15 నవంబరు 2025

ప్రవల్లికా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో కూర్చుని నింపావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందరపడ్డాను.

ట్రైనింగ్ సంగతి. నేను లోపలికి రాగానే అందరితోబాటు లేచి నువ్వే "గుడ్ మార్నింగ్ సర్" అన్నావు. సర్ అన్న పిల్లను పట్టుకుని అమ్మా అని ఎలా పిలుస్తాను? బాబాయి సిఫారసుతో వచ్చిందని ఎవరూ అనకూడదని, నన్ను ఎరగనట్టు ఉండాలనుకుంటున్నావని అనుకున్నాను. ఇంటికొచ్చి మీ పిన్నితో "అన్నయ్య పౌరుషం దానికి వచ్చింది" అని కూడా చెప్పాను. నామోషీ అని నీకెలా తోచిందో నాకు అంతుపట్టడం లేదు.

సరే, పని. మోడల్ అంటే నువ్వు చదివే ఉంటావు, అయినా చెప్తాను. ఎవరికైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే. అందులో ఒళ్ళు కదిలించడానికి కొంత పోతుంది. ఆ కొంతను ఏది పెంచుతోంది, ఏది తగ్గిస్తోంది అని చూస్తాం. వయసు, ఆదాయం, చదువు, పార్కు ఎంత దూరం, ఆటో ఛార్జీ ఎంత, తీరిక ఎంత. ఆటోకు ఒక రూపాయి పెరిగితే నడక ఎన్ని నిమిషాలు పెరుగుతుంది, జీతం వెయ్యి పెరిగితే ఎన్ని తగ్గుతుంది, అలా. నీ ముప్పై ఒకటీ లేకుండా మాకు తేలింది ఏమిటంటే, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు శారీరక శ్రమలో తక్కువగా పాల్గొంటున్నారని. కాబట్టి వాళ్ళుండే చోట నడక గురించి అవగాహన బోర్డులు పెట్టాలని సిఫారసు రాశాం.

ఇప్పుడు నువ్వు చెప్పింది విన్నాక ఆ వాక్యం చదవడానికి నాకే ఇబ్బందిగా ఉంది. కానీ ఒక చిక్కు ఉంది తల్లీ. ప్రశ్న "మీరు ఎంతసేపు నడుస్తారు" అని. మిగతా దాదాపు ఎనిమిది వేలమంది చెప్పిన జవాబులు. నీవి ముప్పై ఒకటీ వాళ్ళు చెప్పినవి కావు, నువ్వు కొలిచినవి. రెండూ ఒకే గంపలో ఎలా వేయను? కల్పితం కాదు సరే. మరి ఏమిటి? వాటికి నా దగ్గర పేరు లేదు.

ఒక పని చెయ్యి. ఆఫీసు తరఫున కాదు, నా కోసం. మళ్ళీ వెళ్ళి విడివిడిగా అడుగు. పక్కవాళ్ళు వినకుండా. ఏం చెప్తే అది రాయి, దిద్దకు. యాభైకి అటూ ఇటూ వస్తే ఆ జవాబులే ఎక్కించమని గట్టిగా చెప్పగలను.

దీపు పుట్టినరోజుకు నాకు అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిపెట్టింది. రోజుకు ఆరువేలు దాటడం లేదని అది పొద్దస్తమానం గొణుగుతోంది. ఇంట్లో నామీద ఇప్పుడు ఇద్దరు సూపర్‌వైజర్లు.

నీ మంచి కోరే
బాబాయి


వైశాలి
21 నవంబరు 2025, శుక్రవారం

మీరు అడగమన్నారు, అడిగాను. ఇప్పుడు నాకు మతిపోయింది. దానికీ మీదే పూచీ.

ముప్పై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు దొరికారు. అయిదుగురు ఊరికి వెళ్ళారు. మూడు రోజులు తిరిగి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. ఒకామె పది నిమిషాలంది. ఒకామె రెండు గంటలంది. ఇద్దరూ తోడికోడళ్ళు బాబాయ్. ఒకే గుమ్మంలోంచి కలిసి బయల్దేరి ఒకే గేటులోకి వస్తారు. పది నిమిషాలన్నామెను "ఇంత దూరం పది నిమిషాల్లో ఎలా?" అని అడిగితే, "బాతేఁ కర్తే కర్తే పహుఁచ్ జాతే హైఁ" అని నవ్వింది. మాటల్లో పడితే దారి తెలియదట. రెండు గంటలన్నామె మూడేళ్ళ పిల్లను పక్కింట్లో వదిలి వస్తుంది. ఆమె నవ్వలేదు.

మిగతావాళ్ళు చెప్పినవి ఇరవై, అరగంట, గంట, గంటన్నర. ఏడుగురు "పతా నహీఁ". ఇద్దరు "తూ హీ లిఖ్ దే" అన్నారు, నువ్వే ఏదో ఒకటి రాసేసుకో అని. మీరు దిద్దొద్దన్నారు కనుక దిద్దలేదు. యాభై రెండు అని ఒక్కరు కూడా చెప్పలేదు.

వ్యాయామం చేస్తారా అని అడిగితే ఇరవై ఆరుగురూ లేదన్నారు. "యోగా-వోగా మేమ్‌సాబ్ కర్తీ హైఁ." యోగాలూ అవీ ఇంటి యజమానురాళ్ళు చేస్తారట. ముర్షిదాను, మరి రోజూ ఇంత నడుస్తారు కదా అన్నాను. నన్ను జాలిగా చూసింది. "హమ్ పైదల్ థోడే హీ చల్తే హైఁ, బిటియా. హమ్ కామ్ పే జాతే హైఁ." వాళ్ళు నడవడం లేదట, పనికి వెళ్తున్నారట.

ఇంకోటి విన్నాను. మొన్న పదో తారీఖున ముర్షిదాకు జ్వరం వచ్చి రాలేదు. ఆ రోజు పదకొండుమంది నడవలేదు. కొందరు ఆటో ఎక్కారు, కొందరు పనే మానేశారు. ఆటో ఛార్జీ ఆ రోజు మారలేదు. వాళ్ళ ఆదాయం మారలేదు, పార్కు ఎక్కడికీ జరగలేదు. ముందు నడిచే మనిషి రాలేదు, అంతే. మీ మోడల్‌లో ముర్షిదా జ్వరానికి గడి ఉందా?

వాళ్ళు చెప్పింది నిజమా, నేను కొలిచింది నిజమా? చెప్పిందే నిజమైతే పది, నూట ఇరవై రెండూ ఎలా నిజమవుతాయి? కొలిచిందే నిజమైతే నేను ఎందుకు ఇంట్లో ఉన్నాను? కోపం అలాగే ఉంది, కానీ ఎవరిమీద పెట్టుకోవాలో తెలియడం లేదు. అది ఇంకా పెద్ద చిరాకు.

అందుకని మీరే రండి. మంగళవారం, ఇరవై అయిదో తారీఖు, పొద్దున్న ఆరుంబావుకు ఖోడా కల్వర్టు దగ్గర. ముర్షిదాకు చెప్పి ఉంచుతాను. నేను మీతో నడవను. నడిస్తే నేను నేర్పిందే వాళ్ళు చెప్పారంటారు. వైశాలిలో సొసైటీ రెండో గేటు దగ్గర నిలబడి ఉంటాను. మీ కాళ్ళతో మీరు కొలవండి.

ప్రవల్లిక


వైశాలి
25 నవంబరు 2025

మీరు రాలేదు.

ఆరున్నరకే వచ్చి నిలబడ్డాను. ఏడూ ఏడుకు వస్తారని లెక్క వేసుకున్నాను. గుంపు ఆరూ యాభై ఏడుకే వచ్చేసింది. ఆరుంబావుకన్నా ముందే బయల్దేరి ఉంటారు. అందరి వెనకా మీరు వస్తారేమోనని చూశాను. ముర్షిదా చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "కహాఁ హైఁ తేరే అంకుల్? గాడీ మేఁ ఆ రహే హైఁ క్యా?" అంది, మీ అంకుల్ ఏరీ, కారులో వస్తున్నారా అని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. అది మర్చిపోను.

రాలేనని ఒక్క ముక్క రాయడానికి కూడా తీరిక లేదు కాబోలు. దాన్ని ఏ గడిలో వేసుకుంటారో మీ ఇష్టం.

ప్రవల్లిక


ఆర్.కె. పురం
27 నవంబరు 2025

ప్రవల్లికా, ముందు ఇది చదువు: నేను వెళ్ళాను.

ఇరవై ఒకటిన నువ్వు రాసిన ఉత్తరం నాకు మంగళవారం సాయంత్రం అందింది. అప్పటికి నువ్వు నిలబడడం, నవ్వడం అయిపోయాయి. ఫోన్ తీశాను. కాగితమే కావాలన్నావు కదా అని పెట్టేశాను. అది పొరపాటే అయి ఉండొచ్చు. మర్నాడు బుధవారం, నీకు చెప్పకుండా, ఆరింటికల్లా ట్యాక్సీలో ఖోడా చేరాను.

పొగలో పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. మాటలు ముందు వినిపించాయి, మనుషులు తర్వాత కనిపించారు. నేనే ప్రవల్లిక బాబాయినని చెప్పాను. "అచ్ఛా, కల్ వాలే అంకుల్ ఆజ్ ఆయే!" అంది ఒకామె, నిన్న రావలసిన అంకుల్ ఇవాళ వచ్చారని. నా బూట్లు చూసి ఇంకొకామె, "జూతే తో బడే అచ్ఛే హైఁ, చలేఁగే భీ?" అంది, బూట్లు భలే ఉన్నాయి, నడుస్తాయా అని. బూట్లు బాగానే నడిచాయి. నేనే నడవలేకపోయాను.

కాలవ సగం దూరంలోనే మోకాలు పట్టేసింది. సగం మంది ముందుకు వెళ్ళిపోయారు. ముర్షిదా, ఇంకో అయిదుగురు నాతో ఆగిపోయారు. వెళ్ళమన్నాను, వినలేదు. "బుజుర్గ్ ఆద్మీ కో నహర్ పే ఛోడ్ కే జాయేఁ?" అంది ముర్షిదా. పెద్దాయన్ని కాలవ పక్కన వదిలేసి పోతామా అని. యాభై మూడేళ్ళకు నేను బుజుర్గ్‌ను అయిపోయాను. మధ్యలో నా వాచీ బుర్రుమని మోగింది. ఏమిటది అని అడిగింది. ఈరోజు బాగా నడిచానని మెచ్చుకుంటోందన్నాను. "ఆప్ కీ ఘడీ శాబాశ్ బోల్తీ హై? హమారీ మేమ్‌సాబ్ తో లేట్ బోలేఁగీ," అంది, మీ వాచీ శభాష్ అంటుందా, మా మేమ్‌సాబ్ అయితే ఆలస్యం అంటుంది అని.

గేటు చేరేసరికి డెబ్బై ఒక్క నిమిషాలు.

యాభై రెండు అన్నారు కదా, నావల్ల ఇంత ఆలస్యమైందా అని అడిగాను. అప్పుడు చెప్పింది. మామూలుగా వాళ్ళకు పట్టేది నలభై, నలభై రెండు నిమిషాలట. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో రోజూ టైము వేయించుకుంటారు కనుక వాళ్ళకు చేరే వేళ బాగా తెలుసు. నువ్వు వెళ్ళిన రోజున మూడుచోట్ల ఆగి ఏదో రాసుకున్నావట. హైవే దాటడానికి భయపడి నిలబడిపోతే చెయ్యి పట్టుకుని దాటించారట. "బిటియా కే లియే ధీరే చలే థే."

నీ కోసం నెమ్మదిగా నడిచారు ప్రవల్లికా. నాకోసం ఇంకా నెమ్మదిగా. యాభై రెండు నీది. డెబ్బై ఒకటి నా మోకాలిది. వాళ్ళదేదో ఇద్దరం కొలవలేదు.

ఇంకా ఉంది. వాచ్‌మన్ చెప్పాడు, నాతో ఆగిన ఆరుగురిలో ఒకామెకు పనిచేసే ఇంటి తలుపు తీయలేదట. రేపటినుంచి రావద్దని లోపలినుంచే చెప్పారట. పది నిమిషాల తర్వాత ఆమె మళ్ళీ గేటు బయటికి వచ్చింది. నేను అక్కడే బల్లమీద కూర్చుని మోకాలు పట్టుకుని ఉన్నాను. నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. పిలవడానికి నాకు పేరు కూడా తెలియదు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఆ గడిలో ఏం వేయాలో నాకు తెలియడం లేదు. యాభై రెండు వేయలేను. నలభై అంటే ఒక్క ముర్షిదా మాట. మిగతావాళ్ళు చెప్పినవి పది నుంచి నూట ఇరవై. ఖాళీగా వదిలితే కంప్యూటరు ఆ గడినొక్కటే వదలదు, ఆ మనిషినే వదిలేస్తుంది. తప్పు అంకె వేస్తే వాళ్ళు లెక్కలో ఉంటారు. తెలియదని నిజం రాస్తే ఉండరు. రిపోర్టు డిసెంబరు ఎనిమిది సోమవారం ప్రింటుకు వెళ్తుంది. ఆ ముప్పై ఒకటీ వదిలేయడమే మర్యాదగా ఉంటుందేమో అనిపిస్తోంది.

నీ సంగతి మాత్రం తేలిక. రఘునందన్‌కు ఒక ఫోన్ కొడతాను. జాబితాలోంచి నీ పేరు తీసేస్తాడు. దానికి కాగితాలూ అవీ ఎందుకు? నువ్వు నాకేమవుతావో ఎవరికీ తెలియనవసరం కూడా లేదు. సరేనని ఒక్క మాట రాయి.

బాబాయి


వైశాలి
1 డిసెంబరు 2025, సోమవారం

సరే అనను.

మీ ఉత్తరం శనివారం అందింది. అబద్ధం అనుకున్నాను. నా నోరు మూయించడానికి అల్లారనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఖోడా వెళ్ళి ముర్షిదా ఇంటి గుమ్మంలో కూర్చున్నాను. నలభైయేనా అని అడిగాను. అవునంది. నావల్ల నెమ్మదిగా నడిచారా అన్నాను. అవునంది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు దీదీ, నా ఉద్యోగం పోయింది కదా అని అరిచాను. లోపలినుంచి పిల్లలు బయటికొచ్చి చూశారు.

"తూ ఇత్నే ధ్యాన్ సే లిఖ్ రహీ థీ," అంది ముర్షిదా. అంత శ్రద్ధగా రాసుకుంటున్న పిల్లను మధ్యలో ఎలా ఆపుతానంది. టీ ఇచ్చింది. తాగాను. ఏం చెయ్యను?

కాబట్టి ఒప్పుకుంటున్నాను. యాభై రెండు తప్పు. నా నడక కొలుచుకుని, ముప్పై ఒక్కమంది పేర్లమీద రాశాను. నాలుగు వారాలుగా మీమీద అరిచింది ఆ తప్పు అంకె పట్టుకునే. గేటు దగ్గర వాళ్ళు ఆరూ యాభై ఏడుకు రావడం నా కళ్ళతో చూసి కూడా, ముందే బయల్దేరారనుకున్నాను తప్ప నా అంకెను అనుమానించలేదు. మీరు మీ కంప్యూటరును నమ్మినట్టే నేనూ నా స్టాప్‌వాచ్‌ను నమ్మాను. దీనికి సిగ్గుపడుతున్నాను. క్షమాపణ కూడా చెప్తాను, మీకు కాదు, రఘునందన్ గారికీ కాదు. ముర్షిదాకు చెప్పేశాను.

కానీ తప్పు చేయడం వేరు, కల్పించడం వేరు. తప్పు చేసిన మనిషిని ఇంకోసారి పంపొచ్చు. కల్పించిన మనిషిని ఎక్కడికీ పంపరు. మీరు ఫోన్ కొడితే జాబితాలోంచి నా పేరు పోతుంది, ఆ మాట పోదు. బాబాయి ఫోన్ చేసి తీయించాడని రఘునందన్ గారు రేపే నలుగురికి చెప్తారు. అప్పుడు నేను కల్పించినదాన్నీ అవుతాను, సిఫారసుదాన్నీ అవుతాను. ఎవరికీ తెలియనవసరం లేదన్నారు చూడండి, ఆ మాటే నాకు ట్రైనింగ్ రోజున వినిపించింది. మీరు అప్పుడు అనలేదు, ఇప్పుడు అన్నారు.

నాకు కాగితం కావాలి. మీ సంస్థ కాగితం మీద, ఏజెన్సీ పేరున, మీ చేత్తో రాయండి. పదిహేడో నంబరు వెళ్ళింది, నడిచింది, తప్పు కొలిచింది, కల్పించలేదు. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ నాకు వద్దు. కింద మీ సంతకం. దాని కింద నేను మీ అన్న సుందరరామయ్య గారి కూతురినని కూడా రాయండి. మీ ఆఫీసులో మీకు ఇబ్బంది అవుతుందని తెలుసు. రాయకుండా దాచి, తర్వాత తెలిస్తే ఆ కాగితం చిత్తుకాగితం అవుతుంది.

ఆ ముప్పై ఒక్కమందినీ తీసేయడం మర్యాద కాదు. తీసేస్తే ఖోడా సందుల్లో మీ బోర్డు వస్తుంది, ఆరోగ్యం కోసం నడవండి అని. దాని కిందనుంచి వాళ్ళు రోజూ నడిచి వెళ్తారు. నలభై నుంచి డెబ్బై ఒకటి వరకూ అని రెండు అంకెలూ వేయండి. కొలిచినవాళ్ళు ఇద్దరూ వాళ్ళను ఆలస్యం చేశారని కింద రాయండి. ఒక గడిలో రెండు అంకెలు పట్టవంటే గడి పెద్దది చేయండి. అది చేసింది మనుషులే కదా.

తలుపు తీయని ఆ ఇంటికి కూడా మీరే వెళ్ళాలి. నేను వెళ్తే గేటులోనే ఆపేస్తారు, మీ బూట్లను ఆపరు. బుధవారం ఆలస్యం మీ మోకాలివల్ల అయిందని ఆ ఇంటావిడకు మీ నోటితో చెప్పండి. ఆమె పేరు సబీనా. మూడేళ్ళ పిల్లను పక్కింట్లో వదిలి వచ్చేది ఆమే. ఇల్లు బి టవర్‌లో ఏడో అంతస్తు, లిఫ్టు ఎదురుగా.

ప్రింటుకు సోమవారం వెళ్తుందన్నారు. నాకు అంతవరకూ అక్కర్లేదు. శుక్రవారం, డిసెంబరు అయిదు, సాయంత్రం ఆరింటికి ఆ కాగితం నకలు నా చేతిలో ఉండాలి. తపాలాలో వద్దు, ఆలస్యమవుతుంది. మీరే తెచ్చి ఇవ్వండి.

ప్రవల్లిక